సూర్యారావుపేట పాదాల క్లినిక్: వైద్యానికి తిరుగులేదు, ఫోటోలకు లెక్కలేదు

విజయవాడ సూర్యారావుపేటలోని ఒక ఆసుపత్రిలో షుగరు ఉన్నవారి పాదాల కోసం ప్రత్యేకంగా ఒక క్లినిక్ నడుస్తోంది. మా అమ్మ మడమ పుండుకు కొన్ని నెలలుగా అక్కడే చికిత్స చేయిస్తున్నాము. పుండు దాదాపు మానింది. ఈ మాట ముందే చెప్పడం ఎందుకంటే, ఇక్కడ రాయబోయే అభ్యంతరాలు ఆ డాక్టరుగారి నైపుణ్యం మీద గానీ, శ్రద్ధ మీద గానీ కావు. ఆసుపత్రి పేరు కూడా రాయడం లేదు. గుడివాడ, నూజివీడు, తిరువూరుల నుంచి వచ్చే రోగులతో కిటకిటలాడే ఈ పేటలో మేము చూపించుకున్న మరికొన్ని చోట్ల కూడా ఇదే అలవాటు కనిపించింది కనుక ఒక్కరినే వేలెత్తి చూపడం న్యాయం కాదు.

ఓపీ ఏర్పాట్లకు వంక పెట్టేది లేదు. టోకెను దగ్గర కొంత ఆలస్యం ఉంటుంది, ఫీజు ఈ పేటలో మామూలుగా తీసుకునేంతే, వీల్‌చెయిర్ అడగకుండానే తెచ్చారు.

మొదటి రోజే డాక్టరుగారు కట్టు విప్పించి, పుండును సెలైన్‌తో కడిగించి, దాని పక్కన సెంటీమీటర్ల గుర్తులున్న కాగితపు స్కేలు ముక్క పెట్టి తన ఫోనుతో ఫోటో తీశారు. తీసే ముందు, "అమ్మా, వచ్చే వారం పోల్చి చూడడానికి ఒక ఫోటో తీసుకుంటానండి" అని అడిగారు. "తీసుకోండి బాబూ, మానితే చాలు" అన్నది అమ్మ. ఆ తరువాత వెళ్లిన ప్రతిసారీ అదే కిటికీ వెలుతురులో, అంతే దూరం నుంచి ఫోటో తీస్తూ వచ్చారు. షుగరు వల్ల స్పర్శ తగ్గిన పాదానికి నొప్పి తెలియదు. రోజూ చూసే ఇంట్లోవారి కంటికి మార్పు ఆనదు. పుండు తగ్గుతోందో ముదురుతోందో తేల్చడానికి ఇలా వరుసగా తీసిన ఫోటోలను మించిన ఆధారం మాకు కనిపించలేదు. ఒకనాడు ఆయన రెండు ఫోటోలను పక్కపక్కనే పెట్టి, పసుపుపచ్చని పొర పోయి ఎర్రటి కండ ఎక్కడ పడుతోందో, అంచులు ఎంత దగ్గరికి వచ్చాయో వేలితో చూపించారు. ఇంట్లో చెప్పులేసుకుని తిరగడమేమిటని అప్పటివరకు మొండికేసిన అమ్మ, అది చూశాకే మడమ మీద బరువు పడకుండా చేయించిన ఆ మెత్తటి చెప్పులను వంటింట్లో కూడా వేసుకోవడానికి ఒప్పుకుంది.

ఒక రాత్రి చిటికెన వేలు నల్లబడినట్లు అనిపించి వాట్సాప్‌లో ఫోటో పంపితే, ఆయన దానిని రక్తనాళాల సర్జనుకు చూపించి, తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే బయలుదేరి రమ్మన్నారు. ఇలా దూరం నుంచి సలహా ఇవ్వడానికి 2020 మార్చి 25న వెలువడిన టెలీమెడిసిన్ మార్గదర్శకాలు అనుమతిస్తున్నాయి. రోగే ముందుగా సంప్రదించినప్పుడు సమ్మతి ఉన్నట్లేనని కూడా అవి చెబుతున్నాయి. అయినా ఆయన ఫోటో మీదనే నిర్ణయం తీసుకోలేదు. ట్యూబులైటు కింద తీసిన ఫోటోలో చర్మం రంగు మారుతుందని, వాట్సాప్ బొమ్మను కుదించి పంపుతుందని చెప్పి, పాదంలో నాడిని చేత్తో పట్టి చూసి, రక్తప్రసారం ఎలా ఉందో చూపే డాప్లర్ పరీక్ష చేయించిన తరువాతనే మందు మార్చారు. వైద్యానికి నేను ఐదుకు ఐదు మార్కులు ఇవ్వడానికి ఆ రాత్రి ఒక్కటి చాలు.

ఇంత పనికొచ్చే ఆ ఫోటో తీసిన తరువాత ఎక్కడికి వెళుతుందన్న దగ్గరే నా అభ్యంతరం. పాత ఫోటో వెతకడానికి డాక్టరుగారు గ్యాలరీని పైకి జరుపుతుంటే, ఎవరెవరివో పాదాలు, ఒక స్త్రీ వీపు మీది కాలిన గాయం, వాటి మధ్యలోనే ఆయన ఇంట్లో పుట్టినరోజు ఫోటోలు మా కళ్ల ముందు నుంచి వరుసగా సాగిపోయాయి. ఆ స్త్రీ ఎవరో మాకు తెలియదు, ఆమె గాయాన్ని మేము చూశామని ఆమెకు తెలియదు. మా తరువాత లోపలికి వెళ్లినవారికి మా అమ్మ కాలు కూడా అలాగే కనిపించి ఉంటుంది. ఆ ఫోను క్లౌడ్ బ్యాకప్‌తో కలిసి ఉంటే అవే బొమ్మలు ఇంట్లోని ట్యాబ్లెట్‌లోకీ చేరతాయి. ఫోను రిపేరుకు ఇస్తే షాపువాడి చేతిలోకి వెళతాయి. పైగా ఆయన సాయంత్రం పూట మరో ఆసుపత్రిలో కూడా చూస్తారు కనుక, ఇక్కడి రోగుల ఫోటోలు ఆయన జేబులోనే అక్కడికీ వెళుతున్నాయి.

డ్రెస్సింగు గదిలో పరిస్థితి ఇంకా వదులుగా ఉంది. కట్టు కట్టే సిస్టరుగారు మమ్మల్ని అడగకుండానే తన సొంత ఫోనుతో ఫోటో తీసి ఆసుపత్రివారి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆ ఫోటోలో అమ్మ పేరు, వయసు, నంబరు ఉన్న ఫైలు అట్ట కూడా పడింది. గ్రూపులో ఎవరెవరు ఉంటారని అడిగితే, డాక్టర్లు, సిస్టర్లే కాక ఇక్కడ పని మానేసి వెళ్లినవాళ్లు కొందరు కూడా ఉన్నారని ఆవిడ దాపరికం లేకుండా చెప్పారు. ముఖం పడలేదు కదా అని అక్కడివారు అన్నారు. మా అమ్మ పాదానికి మట్టెలున్నాయి, కాలిమడమ పైన చిన్నప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్టు ఉంది. మా ఊళ్లో ఆ కాలును చూసి పేరు చెప్పగలిగినవారు ఒకరిద్దరు కాదు.

ఈ క్లినిక్‌కు ఫోటోల విషయంలో ఐదుకు రెండు మార్కులే ఇవ్వడానికి అసలు కారణం మాత్రం రికార్డుల కౌంటరులో ఎదురైంది. మరో నిపుణునికి చూపించాలనుకుని కేస్ షీటు నకళ్లతో పాటు ఫోటోలు కూడా కావాలని అర్జీ ఇచ్చాను. భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి ప్రవర్తనా నియమావళి ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలి. జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో కొత్త నియమావళి తెచ్చి అదే నెలలో నిలిపివేసినందువల్ల నేటికీ ఆ పాతదే వర్తిస్తోంది. కేస్ షీటు, ఎక్స్‌రే, రక్త పరీక్షల కాగితాలు గడువులోనే ఇచ్చారు. ఫోటోల సంగతి అడిగితే, "అవి సారు ఫోనులో ఉంటాయండి, మా సిస్టంలో ఉండవు" అన్నారు. కాలును కత్తితో ముట్టాలా వద్దా అన్నది ఆ ఫోటోలను కూడా చూసి నిర్ణయించారు. అటువంటివి ఆసుపత్రి రికార్డులో లేకపోవడం, ఉండకూడని వాట్సాప్ గ్రూపులో మాత్రం ఉండడం నాకు ఏమాత్రం మింగుడుపడలేదు. ఎక్స్‌రే ఫిల్మును ఏ డాక్టరూ ఇంటికి పట్టుకుపోరు, ఫోటోకు మాత్రం ఆ పద్ధతి ఎందుకు ఉండకూడదు? అడిగిన రాత్రే డాక్టరుగారు తన ఫోను నుంచి అన్నీ పంపించారు కాబట్టి మాకు ఇబ్బంది కలగలేదు. ఆయన ఊరు మారి ఉంటేనో, ఫోను పోయి ఉంటేనో ఎవరిని అడగాలో ఆ కౌంటరులో చెప్పగలవారు లేరు.

సమ్మతి పత్రం గురించి కూడా చెప్పాలి. చేర్చుకునేటప్పుడు సంతకం పెట్టించిన ఇంగ్లీషు కాగితాల్లో, రోగి ఫోటోలను బోధనకు, ప్రచురణకు వాడుకోవచ్చన్న వాక్యం ఒకటి మత్తుమందు సమ్మతి కిందనే ఉంది. చికిత్స కోసం తీసే ఫోటోకూ, సదస్సులో తెర మీద వేసే ఫోటోకూ ఒకే సంతకం పెట్టించుకోవడం సరికాదు. 2002 నియమావళి రోగిని గుర్తుపట్టేలా ఉన్న ఫోటోను అనుమతి లేకుండా ప్రచురించకూడదంటుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇంకా ముందుకు వెళ్లి, సమ్మతి కోరే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలు కల్పించాలని చెబుతోంది. వాటిలో మన తెలుగు కూడా ఉంది. ఆ చట్టం నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. ప్రాణాపాయంలో ఉన్న రోగి విషయంలో సమ్మతి కోసం ఆగనక్కరలేదని చట్టమే వెసులుబాటు ఇచ్చింది కనుక, అత్యవసరంలో అడుగుతూ కూర్చోలేమన్న వాదన నిలవదు.

ఇవన్నీ ఒక ఉత్తరంలో రాసి డాక్టరుగారికి, యాజమాన్యానికి ఇచ్చాను. డాక్టరుగారు నొచ్చుకోకుండా మొత్తం చదివి, మరుసటి ఓపీకల్లా తన ఫోనులో బ్యాకప్ ఆపించి, ఫోటోలను ప్రింటు తీసి కేస్ షీటుకు జతచేయడం మొదలుపెట్టారు. గ్యాలరీలోకి చేరకుండా నేరుగా రికార్డులోకి ఎక్కించే ఆసుపత్రి ఫోను ఒకటి కొనమని ఆయన కూడా యాజమాన్యాన్ని అడిగారట. యాజమాన్యం ఇంతవరకు జవాబు ఇవ్వలేదు, గ్రూపు అలాగే నడుస్తోంది.

పాదం పుండుతో బాధపడుతున్నవారు ఈ క్లినిక్‌కు నిస్సందేహంగా వెళ్లవచ్చునని నా అభిప్రాయం. వెళ్లినవారు చేరే రోజునే బోధన, ప్రచురణ వాక్యాన్ని కొట్టివేసి పక్కన సంతకం పెట్టవచ్చు. మేము రెండోసారి చేరినప్పుడు అలాగే చేశాము, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. డ్రెస్సింగు గదిలో ఫైలును బల్ల మీద బోర్లా పెట్టమని అడిగితే పెడుతున్నారు. రికార్డుల కోసం ఇచ్చే అర్జీలో ఫోటోలు అన్న మాట విడిగా రాసి, అందినట్లు ముద్ర వేయించుకోవాలి.