మేకు లేని పంచరు

నా బైకు పేరు ఇక్కడ రాయడం లేదు. కావాలనే. నేను చెప్పబోయేది ఆ ఒక్క కంపెనీ తప్పు కాదు, కొండలకీ దూరాలకీ అని చెప్పి ఈ ధరలో అమ్మే బండ్లలో చాలావాటికి ఇవే చక్రాలు వస్తున్నాయి. చువ్వల రిమ్ము, లోపల ట్యూబు. కొని అయిదేళ్లయింది, మీటరు 52 వేలు దాటింది. మైలేజీ, పవరు, లైట్లు గురించి ఎవర్ని అడిగినా చెబుతారు, అవి వదిలేస్తున్నాను. చక్రాల గురించే రాస్తాను. ఈ అయిదేళ్లలో నన్ను అడవి మధ్యలో నిలబెట్టింది అవే.

కొన్నప్పుడు మాత్రం ఆ చువ్వల చక్రాలు చూసే మురిసిపోయాను. గుంతలో పడితే చువ్వల రిమ్ము కొంచెం ఊగి దెబ్బని మింగేస్తుంది, వంగినా బెండు తీయించుకోవచ్చు, అదే చువ్వల్లేని అల్లాయ్ చక్రం అయితే పగిలిందంటే కొత్తది కొనాల్సిందే. ఈ మాట కనీసం పదిమందికి చెప్పి ఉంటాను, అందులో ఇద్దరు నా మాట మీదే బండి కొన్నారు కూడా. అబద్ధం చెప్పలేదు. మూడో ఏడు అరకు నుంచి వస్తూ అనంతగిరి ఘాట్‌లో వానకి కొట్టుకుపోయిన చోట ముందు చక్రం గట్టిగా దిగబడింది, రిమ్ము వంకర తిరిగింది. మా వైజాగ్ కంచరపాలెంలో ఒక పెద్ద మెకానిక్ చక్రం స్టాండు మీద పెట్టి తిప్పుతూ, ఒక్కో చువ్వా బిగిస్తూ వదులుతూ, గంటలో సరిచేసి ఇచ్చాడు. కాబట్టి ఆ మాట ఇప్పుడూ వెనక్కి తీసుకోను. కాకపోతే 52 వేల కిలోమీటర్లలో అలాంటి దెబ్బ ఒక్కసారే తగిలింది. పంచర్లు ఆరయ్యాయి.

ఆ ఆరులో అయిదు ఊళ్లోనే, లేదా హైవే మీద. తోసుకుంటూ పోతే ఎక్కడో ఒక షాపు తగిలేది. ఆరోది వేరు.

గత డిసెంబరులో నేనూ మా ఆవిడా నాలుగు రోజులు పెట్టుకుని బయల్దేరాం. నర్సీపట్నం మీదుగా లంబసింగి, పొద్దున్నే చెరువులవేనం కొండ మీద మంచు చూసి, చింతపల్లి, గూడెం కొత్తవీధి, సీలేరు, డొంకరాయి, చింతూరు, అక్కణ్ణించి మారేడుమిల్లి, తర్వాత రాజమండ్రి వైపు దిగి హైవే పట్టుకుని ఇంటికి. ఈ దారిలో బండి ఎంత బాగా నడిచిందో చెప్పాలి ముందు. వెనక మనిషి, రెండు వైపులా బ్యాగులు, అయినా లంబసింగి ఘాట్ మొత్తం రెండో గేరు, మూడో గేరుతో ఆయాసం లేకుండా ఎక్కేసింది. దారి పొడవునా కాఫీ పళ్లు కోస్తున్నారు, ఇళ్ల ముందు పట్టాల మీద ఆరబోసి ఉన్నాయి, మా ఆవిడ ప్రతి మలుపులో ఆపమంటుంది. ధారకొండ దాటాక ధారాలమ్మ తల్లి గుడి దగ్గర ఆగి దణ్ణం పెట్టుకుని మళ్లీ ఎక్కాం.

అక్కణ్ణించి దిగుతుండగా వెనకనుంచి మా ఆవిడ, "ఏవండీ, వెనక ఏదో జారుతున్నట్టుంది" అంది. రోడ్డు మీద ఇసుక ఉందేమో అనుకున్నాను. రెండు సెకన్లు పట్టలేదు, బండి వెనక భాగం చేప తోకలా అటూ ఇటూ కొట్టుకోవడం మొదలైంది. వేగం 30 లోపే ఉంది కాబట్టి సరిపోయింది. గేరు మీదే మెల్లగా ఆపుకున్నాను. దిగి చూస్తే వెనక టైరు పూర్తిగా చప్పబడిపోయి ఉంది. ట్యూబుతో వచ్చే చిక్కే ఇది, చిల్లు పడిందంటే వాల్వు చుట్టూ ఉన్న సందులోంచి, చువ్వల కన్నాల్లోంచి గాలంతా ఒక్కసారే పోతుంది. అల్లాయ్ చక్రాలకి మామూలుగా వచ్చే ట్యూబ్‌లెస్ టైరులో, అంటే లోపల ట్యూబే లేనిదానిలో, మేకు దిగితే ఆ మేకే బిరడాలా పట్టుకుని ఉంటుంది, గాలి నెమ్మదిగా తగ్గుతుంది, చాలాసార్లు పొద్దున్న లేచి చూసుకునేదాకా పంచరైన సంగతే తెలియదు.

నా దగ్గర సామాను లేక కాదు. కొత్త ట్యూబు ఉంది, రెండు టైరు కమ్మీలు ఉన్నాయి, బ్యాటరీకి తగిలించే చిన్న గాలి పంపు ఉంది. సెంటర్ స్టాండు ఉంది కాబట్టి అరగంటలో చక్రం ఊడదీశాను. అక్కడే ఆగిపోయింది కథ. టైరు అంచు రిమ్మును వదలదు. కాళ్లతో తొక్కాను, కమ్మీ దూర్చి రాయితో కొట్టాను, మా ఆవిడ ఒక పక్క నిలబడి నేను ఇంకో పక్క ఎగిరి చూశాను, గంటన్నర పట్టింది, అరచేతులు కొట్టుకుపోయాయి తప్ప అది కదల్లేదు. "ట్యూబు ఉంది, కమ్మీలు ఉన్నాయి, ఇంకేం కావాలండీ?" అనడిగింది తను. వెటకారం కాదు, నిజంగానే అర్థంకాక అడిగింది, నా దగ్గర జవాబు లేదు. ఫోనులో సిగ్నల్ లేదు. కొండ నీడ నాలుగు గంటలకే రోడ్డు మీద పడిపోయింది, చలి మొదలైంది, నాకు అసలైన టెన్షన్ అప్పుడు వచ్చింది. నేనొక్కడినే అయితే వేరే సంగతి.

అయిదింటికి దగ్గర్లో సంత నుంచి తిరిగొస్తున్న బొలెరో ఒకటి వచ్చింది. "ఏటైంది బాబూ, పంచరా?" అని వాళ్లే ఆపారు. అయిదుగురు దిగి, చక్రం లేని బండిని గోనెసంచుల మీదకి ఎత్తారు. అంత బరువు బండిని ఎలా ఎత్తారో నాకిప్పటికీ ఆశ్చర్యమే. మా ఆవిడని ముందు కూర్చోబెట్టారు, చక్రం నా ఒళ్లో.

సీలేరులో పంచర్లు వేసే ఆయనకి అరవై ఏళ్లుంటాయి. చక్రం చూశాడు, నేలమీద పడుకోబెట్టాడు, బొలెరో డ్రైవర్ని పిలిచి ముందు చక్రాన్ని సరిగ్గా టైరు అంచు మీదకి మెల్లగా ఎక్కించమన్నాడు. టప్పుమని ఒక చప్పుడు. అంతే, వదిలేసింది. నేను గంటన్నర చేసిన పని రెండు నిమిషాలు. ట్యూబు తీసి గాలి పట్టి నీళ్ల తొట్టిలో ముంచాడు, బుడగలు వచ్చాయి, అక్కడ గుర్తు పెట్టుకుని టైరు లోపల వేళ్లతో తడిమాడు. మేకు లేదు. ముల్లు లేదు. జారిపోయి ఉంటుందన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ట్యూబుని చక్రం మీద వాల్వుకి వాల్వు సరిపెట్టి చూపించాడు, చిల్లు రోడ్డు వైపు లేదు, రిమ్ము వైపు ఉంది. "ఇది మేకు పని కాదు బాబూ, మీ చక్రమే పొడిసేసింది" అన్నాడు.

రిమ్ము లోపల చుట్టూ ఉండే రబ్బరు టేపు తీసి చూపించాడు. అప్పడంలా ఎండిపోయి ముక్కలవుతోంది. దాని కింద చువ్వల చివర నట్లన్నీ ఎర్రగా తుప్పు, ఒకటి గరుకుగా పైకి పొడుచుకొచ్చి ఉంది. అది చూసి ఆయన అడిగిన మాట వింటే నాకు మతి పోయింది. "సముద్రం ఒడ్డునేటి మీ ఇల్లు?"

అవును. మాది లాసన్స్ బే కాలనీ. బండి రాత్రిళ్లు వీధిలోనే, ఉప్పుగాలిలో. గేటు గడియ ఏడాదికి తుప్పు పట్టే చోటు అది. గొలుసుకి ఆయిలు రాస్తాను, బోల్టులు తుడుస్తాను, చువ్వలకి పైన మెరుపు తగ్గితే పాలిష్ పెట్టించాను, లోపల ఏం జరుగుతోందో ఒక్కరోజు ఆలోచించలేదు. ప్రతి చువ్వా రిమ్ముకి ఒక కన్నంలోంచే బిగుస్తుంది. ఆ కన్నాల్లోంచి కడిగిన నీళ్లు, తేమ, ఉప్పు లోపలికి వెళ్తాయి, టైరు కప్పేసి ఉంటుంది కాబట్టి ఆరవు. తుప్పు పట్టిన నట్టుకీ ట్యూబుకీ మధ్య ఉండేది ఆ టేపు ఒక్కటే. అది పాడైతే, ఇద్దరు మనుషుల బరువుతో తిరుగుతున్న ట్యూబు రోజూ ఆ నట్టుకి ఒరుసుకుంటూనే ఉంటుంది.

అంతకు నాలుగు నెలల ముందే వెనక టైరు ఊళ్లో ఒక చోట మార్పించాను. ఇంటికొచ్చాక ఆ బిల్లు వెతికి చూశాను. టైరు ఉంది, ట్యూబు ఉంది, కూలీ ఉంది. టేపు లేదు. పాతదే మళ్లీ వేసేశారు. టైరు ధర ముందు అది ఒక మూలకి రాదు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

సీలేరు ఆయన ఆకురాయితో నట్లు ఒక్కొక్కటీ రుద్ది నునుపు చేసి, పాత స్కూటర్ ట్యూబుని పొడవుగా కోసి రిమ్ము చుట్టూ పరిచి, నా కొత్త ట్యూబు వేశాడు. అంతా కలిపి 200 అడిగాడు. ఆ రాత్రి మారేడుమిల్లి మాట మర్చిపోయి, ఆయన చెప్పిన చోటే గది తీసుకుని పడుకున్నాం.

వైజాగ్ వచ్చాక ఏం చేయవచ్చో అన్నీ కనుక్కున్నాను. చువ్వల కన్నాలు లోపలనుంచి మూసేసి ట్యూబ్‌లెస్‌గా మార్చి ఇస్తామన్నారు ఒకచోట. ఆగిపోయాను, ఎందుకంటే ట్యూబ్‌లెస్ కోసం చేసిన రిమ్ములో అంచు పక్కన చిన్న గట్టు ఉంటుంది, గాలి తగ్గినా టైరు అంచు లోపలికి జారకుండా అదే ఆపుతుంది. నా రిమ్ముకి అది లేదు. ఘాట్‌లో వెనక మనిషిని పెట్టుకుని ఆ ప్రయోగం చేయను. చువ్వలు రిమ్ము మధ్యలో కాకుండా అంచులకి బిగించే రకం చక్రాలు కూడా ఉన్నాయి, గాలి ఉండే చోట కన్నమే ఉండదు, అటు గుంతలకీ ఇటు పంచర్లకీ రెండింటికీ మంచిది, కానీ వాటి ధర నా బండికి పెట్టేంత కాదు.

అందుకే దూరాలకి బండి ఏది కొనాలని నన్నెవరైనా అడిగితే ఇప్పుడు ముందు చక్రాలు చూడమంటున్నాను. అలా అని చువ్వలు వద్దని అందరికీ చెప్పలేను. హైవే పట్టుకుని చెన్నై, భువనేశ్వర్ తిరిగేవాళ్లకి నాలుగడుగులకో పంచర్ షాపు ఉంటుంది, ట్యూబున్నా పర్వాలేదు. సముద్రానికి దూరంగా ఉండి, బండి గ్యారేజీలో పెట్టుకుని, నిజంగానే రాళ్ల దారుల్లో తిరిగేవాళ్లకి చువ్వలే మేలు. టైరు మార్చిన ప్రతిసారీ దగ్గరుండి కొత్త టేపు వేయించుకోండి, అంతవరకు చాలు. నా సంగతి వేరు. ఇల్లు సముద్రం పక్కన, వెళ్లేది సిగ్నల్ లేని ఏజెన్సీ రోడ్లు, అదీ ఏడాదికి మూడు నాలుగుసార్లు, వెనక మా ఆవిడ. నా వరకు తర్వాతి బండికి ట్యూబ్‌లెస్ తప్పనిసరి, ఒకసారి రిమ్ము పగిలినా సరే.

ఇది మాత్రం అమ్మలేదు. ఘాట్ రోడ్ల మీద దీని లాగుడు నచ్చినంతగా ఇంకే బండిదీ నాకు నచ్చలేదు. నెలకోసారి స్పానర్‌తో చువ్వలన్నీ తట్టి వింటున్నాను, బిగువుగా ఉన్నది టంగుమంటుంది, వదులైంది మొద్దుగా పలుకుతుంది, ఎలా వినాలో కంచరపాలెం ఆయనే నేర్పాడు. కొత్త రిమ్ము టేపు కొని అల్మారాలో పెట్టాను, ఇంకా వేయించలేదు. సీలేరులో వేసిన ఆ స్కూటర్ ట్యూబు ముక్క మీదే 7 వేల కిలోమీటర్లు తిరిగాను, మళ్లీ పంచరు కాలేదు.