రోజుకో ఫొటో, కింద ఒక్క వాక్యం: దీవిలో నాలుగేళ్ల వాడకం తర్వాత

ఈ దీవికి వచ్చిన మొదటి ఏడాది చివర్లో అత్తయ్య ఫోన్ చేసి, "నిన్న ఏం చూశావమ్మా?" అని అడిగింది. చెప్పడానికి నాకు ఒక్క విషయం కూడా తట్టలేదు. కిటికీ తెరిస్తే ఎదురుగా సముద్రమే. కానీ పడవ వేళలు, పిల్లల బడి, ఆరని బట్టలు, తుప్పు పట్టిన గొళ్లేల మధ్య ఏ రోజు ఏదో తెలియకుండా పోయింది. ఆ మాట మనసులో ముల్లులా ఉండిపోయింది. ఆ వారమే రోజుకో ఫొటో తీయడం మొదలుపెట్టాను. ఇప్పటికి నాలుగేళ్లు నిండాయి. లీపు సంవత్సరంతో కలిపి 1,461 రోజులు, అందులో ఖాళీగా పోయినవి 38.

పద్ధతి చాలా చిన్నది. రోజుకి ఒక్క ఫొటో, అదీ ఆ రోజే తీయాలి. పడుకునేలోపు దాని కింద ఒక్క వాక్యం రాయాలి. కెమెరా అంటూ వేరే లేదు, ఉన్నది మామూలు ఫోనే. న్యూయార్క్‌లో జేమీ లివింగ్‌స్టన్ అనే ఆయన 1979 మార్చి 31 నుంచి 1997 అక్టోబరు 25న చనిపోయేదాకా రోజుకో పోలరాయిడ్ ఫొటో తీశారని చదివాను. ఆ "రోజుకి ఒక్కటే" అన్నది నాకు బాగా నచ్చింది. ఇరవై తీసి ఒకటి ఏరుకుంటే కష్టమంతా ఏరడంలోనే పోతుంది. ఒక్కటే తీయాలంటే నొక్కే ముందు ఆగి చూస్తాం. నా అనుభవంలో ఈ పద్ధతి బలమంతా ఆ ఆగడంలోనే ఉంది.

మొదటి రెండు నెలలు మాత్రం ఏమీ బాగాలేదు. తీసినవన్నీ సూర్యాస్తమయాలే. పక్కపక్కన పెడితే ఏది ఏ రోజుదో నాకే తెలియలేదు. దాంతో సూర్యాస్తమయం తీయకూడదని ఒక నియమం పెట్టుకున్నాను. అప్పటినుంచి చూపు ఆకాశం నుంచి నేల మీదికి దిగింది. దిగగానే పీత గోళీలు కనిపించాయి.

నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు తడి ఇసుక మీద మినపగింజలంత ఇసుక ఉండలు వందల కొద్దీ పరుచుకుని ఉంటాయి. వాటి మీదుగా ఏడాదిపాటు నడిచాను, ఎన్నడూ చూసింది లేదు. ఒకరోజు చిన్నదీ నేనూ బోర్లా పడుకుని కదలకుండా ఎదురుచూశాం. కాసేపటికి వేలి గోరంత పీత ఒకటి బొరియలోంచి బయటికొచ్చింది. గోళ్లతో ఇసుక ఎత్తి నోట్లో పెట్టుకుంది. ఇసుక రేణువులకు అంటుకున్న తిండిని మాత్రం తీసుకుని, మిగిలిన ఇసుకని ఉండగా చుట్టి పక్కకి తోసేసింది. మళ్లీ ఇంకో ముద్ద. బొరియ నుంచి గీతలు గీసినట్టు బయటికి వెళ్తూ, వచ్చిన దారంతా ఉండలు వదులుతూ పోయింది. ఏ కాస్త నీడ పడినా తటాలున లోపలికి దూరిపోయేది. పోటు వచ్చి మొత్తం తుడిచేసింది. మర్నాడు నీళ్లు తగ్గాక మళ్లీ అదే పని. ఆ రోజు ఫొటో నిజానికి కాస్త మసకగా వచ్చింది. అయినా నాలుగేళ్లలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే.

రెండో ఆశ్చర్యానికి ఏడాది పట్టింది. వంటింటి కిటికీ తూర్పు వైపు ఉంటుంది. ఓపిక లేని రోజుల్లో పొద్దున్నే అక్కడి నుంచే ఒకటి తీసేసేదాన్ని. ఏడాది చివర వాటిని వరసగా పేర్చాం. జూన్‌లో కిటికీ ఎడమ చివర, ఈశాన్యం వైపు లేచిన సూర్యుడు డిసెంబరుకి కుడి చివరికి, ఆగ్నేయం వైపు జరిగిపోయాడు. అదీ ఒకే వేగంతో కాదు. మార్చి, సెప్టెంబరు నెలల్లో రోజుకి తన బింబంలో దాదాపు ముప్పావు వంతు దూరం జరుగుతాడు. జూన్ 21, డిసెంబరు 21 దగ్గర పడేసరికి కొన్ని రోజులు కదలనట్టే ఉండి, ఆపైన వెనక్కి తిరుగుతాడు. ఉత్తరాయణం, దక్షిణాయనం అని చిన్నప్పుడు బట్టీ పట్టిన మాటలు నా వంటింటి కిటికీలో కనిపించాయి. ఆ రోజు మా ఆయన పనికి వెళ్లడం గంట ఆలస్యమైంది. ఇద్దరం నేల మీద కూర్చుని ఫొటోలు ముందుకీ వెనక్కీ జరుపుతూనే ఉన్నాం.

పెద్దాడికి కలిసొచ్చింది ఫొటోలతో పాటు నమోదయ్యే టైము. రేవు పక్క నల్లబండని నీళ్లు తాకిన క్షణాన్ని వరసగా రెండు వారాలు తీశాడు. రోజురోజుకీ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతోందని వాడే లెక్క తేల్చాడు. చంద్రుడు కూడా సగటున రోజుకి అంతే ఆలస్యంగా లేస్తాడని చెప్తే వాడి ముఖం చూడాలి! అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువని పడవ నడిపేవాళ్లు అనే మాట వాడికి అప్పుడు అర్థమైంది.

ఇక ఇబ్బందులు. ఉప్పు గాలి ఫోన్‌కి శత్రువు. నా మొదటి ఫోన్ ఛార్జింగ్ రంధ్రం తుప్పు పట్టి పోయింది. నీళ్లకి, దుమ్ముకి తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 గుర్తు రాసి ఉందని ధైర్యపడ్డాను గానీ, ఆ పరీక్ష చేసేది మంచినీళ్లతో, సముద్రపు నీటికి ఆ హామీ వర్తించదు. ఇప్పుడు ఒడ్డుకి వెళ్లొచ్చిన ప్రతిసారీ మంచినీళ్లలో తడిపి పిండిన మెత్తటి గుడ్డతో ముందు ఉప్పు తుడుస్తాను, తర్వాత పొడి గుడ్డ. నేరుగా పొడి గుడ్డతో రుద్దితే ఉప్పు రేణువులు అద్దాన్ని గీస్తాయి. చల్లటి గదిలోంచి బయటికి తెస్తే లెన్స్‌కి ఆవిరి పడుతుంది, ఐదు నిమిషాలు ఆగితే అదే పోతుంది. తెల్లటి ఇసుక మీద ఫొటో బూడిదరంగులో వస్తుంటే, తెర మీద వేలు పెట్టి వెలుగు కాస్త పెంచాలి. ఎక్కువ వెలుగు చూసి కెమెరా తనంతట తానే తగ్గించేస్తుంది.

రెండో ఏడాది ఒక మెమరీ కార్డు పాడై మూడు వారాల ఫొటోలు పోయాయి. కింద రాసిన వాక్యాలు నోటుపుస్తకంలో ఉన్నాయి కాబట్టి ఆ రోజులు పూర్తిగా పోలేదు. ఇప్పుడు రెండు హార్డ్‌డిస్కులు పెట్టుకున్నాం. ఒకటి ఇంట్లో, ఇంకోటి అవతలి ఒడ్డున అక్కవాళ్ల ఇంట్లో. తుఫాను వస్తే ఇంట్లోవన్నీ ఒకేసారి తడుస్తాయి మరి.

అసలైన తప్పు ఇంకోటుంది. మూడో ఏడాది చిన్నది మోకాలు చెక్కుకుని ఏడుస్తుంటే ముందు ఫోన్ తీశాను. "అమ్మా, నన్ను చూడు" అంది. ఆ ఫొటో చెరిపేశాను. ఆ రోజు ఖాళీల్లో ఒకటి. అప్పటి నుంచి పిల్లల్ని అడిగాకే తీస్తున్నాను. వద్దంటే వద్దు. ఇంట్లో వాళ్ల ఫొటోలు బయట ఎక్కడా పెట్టను. పెడితే నలుగురికీ ఏది నచ్చుతుందా అన్న టెన్షన్ మొదలవుతుంది, చూపు మళ్లీ సూర్యాస్తమయాల వైపే పోతుంది.

ఫొటోగ్రఫీలో చెయ్యి తిరగాలనుకునేవాళ్లకి ఇది నేను చెప్పను. నాలుగేళ్ల తర్వాత కూడా నావి మామూలు ఫొటోలే. రోజులు గుర్తులేకుండా దొర్లిపోతున్నాయని బాధపడేవాళ్లకి మాత్రం గట్టిగా చెప్తాను, కనీసం ఒక ఏడాది చేయండి. ఆరు నెలల దగ్గర విసుగు వస్తుంది. ఆ రోజుల్లో కిటికీలోంచి తీసినా చాలు.

ఐదో ఏడాదికి ఒకే మార్పు చేశాం. ఫొటో నాది, వాక్యం చిన్నది రాస్తుంది. నిన్న గొడుగు మీద కూర్చున్న తూనీగని తీశాను. పుస్తకంలో ఇలా రాసింది: "రెక్కలోంచి అమ్మ వేలు కనిపించింది."