లేబియాప్లాస్టీలో అంచు కత్తిరింపా, వెడ్జ్ పద్ధతా: ఏది మేలు?

యోని లోపలి పెదవులు బిగుతు దుస్తుల్లోనూ, సైకిలు తొక్కేటప్పుడూ ఒరుసుకొని బాధపెడుతుంటే వాటిని తగ్గించడానికి చేసే శస్త్రచికిత్స లేబియాప్లాస్టీ. 2005లో బ్రిటన్‌లో 50 మంది మహిళలను పరీక్షించినప్పుడు ఈ పెదవుల వెడల్పు 7 నుంచి 50 మిల్లీమీటర్ల దాకా ఉన్నట్టు తేలింది కాబట్టి, కేవలం 'పెద్దగా ఉన్నాయి' అన్నంత మాత్రాన దాన్ని లోపమనలేము.

1984లో హాడ్జ్‌కిన్సన్, హైట్ అనే సర్జన్లు వివరించిన అంచు కత్తిరింపు పద్ధతిలో, పెదవి పొడవునా మిగులు భాగాన్ని కోసి, రెండు పొరలనూ కరిగిపోయే దారంతో కలిపి కుట్టేస్తారు. నల్లబడి ముడతలు పడ్డ అంచు పూర్తిగా పోవడం దీని మేలు. అయితే మచ్చ అంచు పొడవునా ఉంటుంది, కుట్లు బిగుసుకున్నచోట అంచు గొగ్గులుగా కనబడవచ్చు. పెదవిని మరీ చిన్నదిగా కత్తిరిస్తే, పైన క్లిటోరిస్‌ను కప్పే చర్మపు మడత ఒక్కటే ఉబ్బెత్తుగా మిగులుతుంది.

1998లో ఆల్టర్ అనే సర్జన్ ప్రచురించిన వెడ్జ్ పద్ధతిలో నడిమి భాగాన్ని 'వి' ఆకారంలో తీసి, పైభాగాన్నీ కిందిభాగాన్నీ దగ్గరకు చేర్చి కుడతారు. సహజమైన అంచు చాలావరకు అలాగే ఉంటుంది, మచ్చ అడ్డంగా చిన్నదిగా ఉంటుంది. చిక్కంతా ఆ కుట్టు మీద పడే లాగుడులోనే ఉంది: వాపు ఎక్కువైనా, రక్తప్రసరణ తగ్గినా అది విడిపోయి, అంచులో గంటుగానో మధ్యలో రంధ్రంగానో నిలిచిపోతుంది. పొగతాగేవారికి ఈ ముప్పు మరీ ఎక్కువ. ముదురు రంగు చర్మం లేత రంగు చర్మాన్ని తాకేచోట గీత కూడా కనిపించవచ్చు.

పైపొరను మాత్రమే తొలగించే డీఎపిథీలియలైజేషన్ పద్ధతి కొద్దిపాటి తగ్గింపుకు సరిపోతుంది. దానితో పెదవి మందం తగ్గదు.

ఫలితాల విషయానికొస్తే, ప్రచురితమైన నివేదికలు ఎక్కువగా 90 శాతానికి పైగా రోగులు సంతృప్తి చెందారనే చెబుతాయి. వాటిలో చాలావరకు ఒకే సర్జన్ రోగులను కొద్దికాలం గమనించి రాసినవే కావడం వల్ల, ఆ అంకె చూసి పద్ధతిని ఎంచుకోవడం నా దృష్టిలో పొరపాటు. ఏది చెడితే సరిదిద్దగలమన్నదే అసలు ప్రశ్న. వెడ్జ్ కుట్టు విడిపోతే, వాపు తగ్గి కణజాలం మెత్తబడ్డాక, అంటే కొన్ని నెలల తర్వాత, మళ్లీ కుట్టవచ్చు. అతిగా కత్తిరించిన పెదవిని తిరిగి తేవడం చాలా కష్టం. అందువల్ల బాధ అంచుతోనే అయితే కత్తిరింపును, పెదవి వెడల్పుతో అయితే అనుభవమున్న సర్జన్ చేతిలో వెడ్జ్‌ను ఎంచుకోవడం సబబు. ఏ పద్ధతైనా, ఎంత తీస్తారని కాక ఎన్ని మిల్లీమీటర్లు మిగులుస్తారని సర్జన్‌ను ముందే అడగాలి.