వేంపల్లె కొండల నుంచి బిల్లసర్గం దాకా: శిలాజాల వెంట మూడు రోజులు

మా అక్క కూతురు పదో తరగతి. మూడేళ్లుగా రాళ్లు పోగేస్తోంది. పాత చెప్పుల డబ్బాలు నాలుగు నిండాయి. ఈ సంక్రాంతి సెలవుల్లో "మామా, మన కడపలోనే శిలాజాలున్నాయంట, తీసుకుపో" అని పట్టుబట్టింది. ఆ పిల్ల మనసులో డైనోసార్ ఎముక ఉందని తెలుసు కాబట్టి ముందే చెప్పేశాను. కడప రాళ్లలో ఎముకలు దొరకవు. ఈ రాళ్లు పేరుకున్నప్పుడు భూమ్మీద ఎముకలున్న ప్రాణే లేదు. ఉన్నవన్నీ కంటికి కనిపించని సూక్ష్మజీవులు. అవి కట్టుకున్న పొరల దిబ్బలే రాళ్లయి మిగిలాయి. వాటిని స్ట్రొమటోలైట్లంటారు. వయసు సుమారు 190 కోట్ల ఏళ్లు. డైనోసార్లు పుట్టి పాతిక కోట్ల ఏళ్లు కూడా కాలేదని చెప్పాక పిల్ల మొహం వెలిగింది.

కడపలో కారు మాట్లాడుకుని పొద్దున్నే వేంపల్లె దారి పట్టాం. వేంపల్లె నుంచి పులివెందుల వైపు ఉన్న కొండల్లో సున్నపురాయి లాంటి బూడిదరంగు డోలమైట్ రాయి పొరలు పొరలుగా కనిపిస్తుంది. భూగర్భ శాస్త్రంలో ఆ రాతికి ఈ ఊరి పేరే పెట్టారు, వేంపల్లె ఫార్మేషన్ అని. మొదటి గంటన్నర మాకేమీ కనబడలేదు. ప్రతి బండా ఒకేలా ఉంది. మేకలు తోలుకుపోతున్న పెద్దాయన కాసేపు మమ్మల్నే చూసి, "ఏం పోగొట్టుకున్నారు సార్?" అన్నాడు. సంగతి చెబితే, "ఉల్లిగడ్డను అడ్డంగా కోసినట్టు ఉంటాది, అదేనా? ఆ వంకలో ఉండాది రాండి" అని ముందు నడిచాడు.

అదే. వంక అంచున ఒక బండ మీద జానెడు వెడల్పు గుండ్రాలు, ఒకదాని పక్కన ఒకటి, దాదాపు ఇరవై. బాటిల్‌లో నీళ్లు కొంచెం పోయగానే పొరలు తేలాయి. ఒక ముదురు గీత, ఒక లేత గీత, మళ్లీ ముదురు. కొన్ని గోరంత మందం కూడా లేవు. పక్కకు తిరిగిన ముఖంలో చూస్తే గుండ్రాలు కాదు, బోర్లించిన గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉన్నాయి. లోతు తక్కువ సముద్రంలో సయనోబ్యాక్టీరియా, అంటే వెలుతురుతో ఆహారం తయారుచేసుకునే సూక్ష్మజీవులు, జిగురు చాపలా పరుచుకుని ఉండేవి. నీళ్లలో తేలే సన్నటి ఒండ్రు ఆ జిగురుకు అంటుకుని కప్పేస్తే, వెలుతురు కోసం అవి మళ్లీ పైకి పాకేవి. అలా ఒక్కో పొర. మనం పీల్చే ఆక్సిజన్‌ను గాలిలోకి మొదట నింపింది కూడా ఈ జాతి జీవులే. ఎండలో ఆ బండ పక్కన కూర్చుని ఈ మాట చెబుతుంటే నాకే గొంతు పట్టేసింది.

పిల్ల ఒక ముక్క తెచ్చుకుంటానంది. వద్దన్నాను. అప్పటికే ఎవరో ఉలి పెట్టి ఒక గుండ్రాన్ని సగానికి పగలగొట్టి ఉన్నారు. రాలేదు, ముక్కలైంది. ఆ పచ్చి గాయం చూశాక పిల్ల మళ్లీ అడగలేదు. రూపాయి బిళ్ల పక్కన పెట్టి ఫొటోలు తీసింది, నోట్‌బుక్‌లో బొమ్మ వేసుకుంది. ఇంకెవరూ ఉలి పట్టుకుపోకూడదనే ఆ వంక ఎక్కడో ఇక్కడ రాయడం లేదు. ఇంకో మాట. ఇటువైపు పాత రాతినార, అంటే ఆస్బెస్టాస్ గనులున్నాయి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. పిల్లలతో ఆ గుంతల దగ్గరికి పోవద్దు.

రాత్రికి గండికోట చేరాం. పర్యాటక శాఖ హరిత హోటల్ కోటకు దగ్గర కాబట్టి పొద్దున సూర్యోదయానికి నడిచి పోవచ్చు. పండగ రోజుల్లో గది కావాలంటే ముందే బుక్ చేసుకోవాలి. పెన్నా లోయ ఎంత గొప్పదో అందరూ రాశారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు. శిలాజాల కోసమైతే గండికోట రానక్కర్లేదు. ఇక్కడిది ఇసుక గట్టిపడి మారిన క్వార్ట్‌జైట్ రాయి. బస కోసం మాత్రం నా ఓటు దీనికే.

రెండో రోజు బెలూం గుహలు. సదుపాయాలు చూస్తే మా మూడు రోజుల్లో మొదటి స్థానం దీనిదే. లైట్లు, మెట్లు, గాలి కోసం ఏర్పాటు అన్నీ ఉన్నాయి. 3,229 మీటర్ల గుహలో కిలోమీటరున్నర దాకా చూడనిస్తారు. లోపల ఉక్కపోత ఎక్కువ, పెద్దవాళ్లను తీసుకుపోతే మెల్లగా నడిపించండి. సున్నపురాయిని నీళ్లు ఎలా తొలుస్తాయో పిల్లలకు చూపించాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదు. అయితే శిలాజాల కంటితో వచ్చినవాళ్లకు రెండు గంటలు చాలు.

ఆ రాత్రే టెన్షన్ పడ్డాం. ఫోన్‌లో గది ఖాయం చేసుకుని, అడ్వాన్స్ కూడా పంపిన లాడ్జికి రాత్రి తొమ్మిదింటికి పోతే, పెళ్లివాళ్లకు ఇచ్చేశామన్నారు. ఆడపిల్లను వెంటపెట్టుకుని వీధి వీధీ తిరిగాం. చివరికి ఇంకో చోట చిన్న గది దొరికింది. గీజర్ లేదు గానీ దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. పొద్దున అడగకముందే వేడినీళ్ల బకెట్ తెచ్చి గుమ్మంలో పెట్టారు. మర్యాదంటే అదీ. అడ్వాన్స్ తిరిగి రావడానికి వారం పట్టింది.

మూడో రోజు ఉగ్గాని, బజ్జీ తిని నంద్యాల జిల్లా బేతంచర్ల నుంచి ఆటోలో బిల్లసర్గం గుహలకు పోయాం. బిలస్వర్గమని కూడా అంటారు. "నీళ్లు పెట్టుకోండి సార్, ఆడ ఏం దొరకవు" అని ఆటో అన్న ముందే చెప్పి మంచి పని చేశాడు. మేం పోయినప్పుడు టికెట్ లేదు, గైడూ లేడు. దారి తెలిసిన మనిషి లేకుండా పోకండి. పైకప్పు కూలిన సున్నపురాయి లోయ, దాని గోడల్లో గుహలు, తల మీద రాతి తోరణం. మేం చూసిన మూడు రోజుల్లో ఒళ్లు జలదరించిన చోటు ఇదే.

ఇక్కడ నిజంగానే ఎముకలున్నాయి. గుహలో పేరుకున్న మట్టిలో. కొండ రాయితో పోలిస్తే అవి నిన్నటివి. 1844లో న్యూబోల్డ్ అనే బ్రిటిష్ సైనికాధికారి వీటి గురించి రాశాడు. 1880ల్లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ తవ్వించారు. దొరికిన ఎముకలను శిలాజ శాస్త్రవేత్త లిడెక్కర్ పరిశీలించి, వాటిలో ఒక అంతరించిన ఖడ్గమృగానికి మన కర్నూలు పేరే పెట్టాడు, రైనోసెరస్ కర్నూలియెన్సిస్ అని. ఈ ముళ్లకంపల మధ్య ఖడ్గమృగం తిరిగిందని చెబితే పిల్ల లోయ వైపు చాలాసేపు చూస్తూ నిలబడింది. ఫుట్ ఒక గుహకు చార్నెల్ హౌస్, అంటే ఎముకల ఇల్లు అని పేరు పెట్టాడు.

బాధ కలిగించింది కూడా ఇక్కడే. గుప్తనిధుల కోసం తవ్విన గుంతలు కనిపించాయి. గుహ మట్టిలో ఎముక ఎంత లోతులో, ఏ పొరలో ఉందన్నదే దాని వయసు చెబుతుంది. తవ్వి బయటపడేశాక అది వట్టి ఎముక. మీకు ఏదైనా కనబడితే కదపకుండా ఫొటో తీసి, యూనివర్సిటీ జియాలజీ విభాగానికి తెలపండి.

సాయంత్రం రైలుకు టైముంది. బేతంచర్లలో నాపరాళ్లు కోసి పాలిష్ పట్టే షెడ్డు ముందు వ్యర్థాల గుట్ట కనబడింది. అందులో ఒక పలక మీద నల్లటి ఫెర్న్ ఆకు అచ్చు! "శిలాజం మామా!" అని పిల్ల అరిచింది. నేనూ మొదట మోసపోయాను. లెన్స్ పెట్టి చూస్తే ఆకుకు ఈనె లేదు, కొమ్మలు పగులు అంచు నుంచి లోపలికి పాకాయి. డెండ్రైట్. రాతి పగుళ్లలోకి దిగిన నీళ్లు వదిలిన మాంగనీసు అది. ప్రాణంతో సంబంధం లేదు. షెడ్డు యజమాని నవ్వి, "పారేసే ముక్కేనమ్మా, తీసుకుపో" అన్నాడు.

రైల్లో పిల్ల ఆ పలక మూలన కొంచెం తెల్లరంగు పూసి, ఆరాక నల్ల ఇంకుతో నంబరు వేసింది. నోట్‌బుక్‌లో అదే నంబరు కింద తేదీ, ఊరు, దొరికిన చోటు రాసింది. చివరి గడిలో "శిలాజం కాదు" అని రాసి, దాని కింద రెండు గీతలు గీసింది.