మైసెన్ పింగాణీ: టికెట్ కొనండి, కప్పు సంగతి తర్వాత చూద్దాం

జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉన్న మాకు ఎండాకాలం వచ్చిందంటే చుట్టాల తాకిడి. మ్యూజియాలున్న జ్వింగర్ ప్యాలెస్ చూపించి, ఫ్రావెన్‌కిర్షె చర్చి చుట్టూ తిప్పాక ఇంకెక్కడికి తీసుకెళ్లాలని మా ఆయన తల పట్టుకుంటే, నేను పక్కనున్న మైసెన్ ఊరు అంటాను. అక్కడి పింగాణీ కార్ఖానాలో వర్క్‌షాపు, మ్యూజియం, షాపు, కెఫే అన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి. మొదటే చెప్పేస్తాను: వర్క్‌షాపు, మ్యూజియం టికెట్‌కి పెట్టిన ప్రతి యూరో గిట్టుబాటే. షాపు మాత్రం వేరే వ్యవహారం. అక్కడ పగలగొడతామన్న భయం ఒకటి, కొనేస్తామన్న భయం ఇంకొకటి.

వెళ్లడం తేలిక. డ్రెస్డెన్ నుంచి ఎస్-వన్ లోకల్ ట్రైన్ ఎక్కి చివరిదాకా, అంటే మైసెన్ ట్రీబిష్‌టాల్ స్టేషన్ దాకా కూర్చుంటే చాలు. దిగాక కాస్త నడక. కిందటిసారి మా అత్తగారు వెంట వచ్చారు. ఆవిడది తెనాలి. "కప్పులూ సాసర్లూ చూడ్డానికి రైలెక్కి పోవడమేంటమ్మాయ్, మనింట్లో లేవా?" అని దారంతా సణిగారు. మ్యూజియంలో రెండో గది దాటాక ఆవిడ్ని బయటికి తీసుకురావడం నా వల్ల కాలేదు.

ముందు వర్క్‌షాపు. పని నిజంగా జరిగే చోటుకి మనల్ని పంపరు. చూసేవాళ్ల కోసమే ప్రత్యేకంగా నాలుగు గదులు పెట్టారు. ఒక్కో గదిలో ఒక్కో పనివాళ్లు మన కళ్ల ముందే పని చేస్తుంటారు, వివరణ హెడ్‌ఫోన్‌లో వినపడుతుంది. మొదటి గదిలో కుమ్మరి సారె మీద కప్పు. చేత్తో లేపిన మన్నుని ప్లాస్టర్ అచ్చులో పెట్టి లోపలి నుంచి అదుముతారు, కాసేపటికి అచ్చు తేమ పీల్చేసుకుని కప్పు ఊడి వస్తుంది. ఆ పచ్చి కప్పు పక్కనే కాలిన కప్పు పెట్టి చూపిస్తారు. కాలింది స్పష్టంగా చిన్నది. పింగాణీ కాలేసరికి సుమారు ఆరో వంతు కుంచించుకుపోతుంది. అంటే బొమ్మ చేసేవాడు ప్రతి వేలూ, ప్రతి ముక్కూ కావలసినదానికంటే పెద్దగానే చేసుకోవాలి.

రెండో గది నాకు అన్నిటికంటే ఇష్టం. ఇక్కడ బొమ్మలు అతుకుతారు. ఒక్క బొమ్మని ఒకే అచ్చులో పోయరు. తల వేరు, చేతులు వేరు, టోపీ వేరు, చేతిలో బుట్ట వేరు. పలుచగా కలిపిన అదే మన్ను పూసి ముక్కలన్నీ అతికించి, అతుకు కనపడకుండా సన్నని పనిముట్లతో సవరిస్తారు. పువ్వుల రేకులైతే ఒక్కొక్కటీ వేళ్లతోనే నొక్కి పెడతారు. బోలుగా ఉన్న ప్రతి భాగానికీ ఎక్కడో ఒక చిన్న రంధ్రం వదలాలి, లేకపోతే లోపలి గాలి వేడెక్కి బట్టీలో బొమ్మ పగిలిపోతుంది.

మూడో గదిలో నీలం రంగు, నాలుగో గదిలో మిగతా రంగులు. ఈ రెండింటి తేడా తెలుసుకుంటే షాపులో పనికొస్తుంది కాబట్టి వివరంగా చెబుతాను. కోబాల్ట్ నీలాన్ని ఒకసారి కాల్చిన, ఇంకా గ్లేజు (పైన వేసే గాజులాంటి పూత) వేయని గిన్నె మీద పూస్తారు. ఆ గిన్నె తడిని వెంటనే పీల్చేస్తుంది కాబట్టి గీసిన గీత ఇక చెరగదు, తప్పు దిద్దుకునే వీలే లేదు. దాని మీద గ్లేజు పోసి 1,400 డిగ్రీల దగ్గర కాలుస్తారు. నీలం గాజు పొర కింద భద్రంగా ఉండిపోతుంది. మిగతా రంగులు గ్లేజు పైన వేసేవి. వాటిని కాల్చకముందు తుడిచి మళ్లీ వేసుకోవచ్చు, కానీ పైనే ఉంటాయి కాబట్టి వాడకంలో అరుగుతాయి. మెరుస్తున్న బంగారు అంచుల సంగతీ అంతే.

ఒక్కో గదిలో గడిపేది కొద్ది నిమిషాలే. ఆ బొమ్మలతికే ఆవిడ దగ్గర గంట కూర్చోమన్నా నేను కూర్చుంటాను.

ఇక కథ. యూరప్‌లో మొదటి గట్టి పింగాణీ ఇక్కడ పుట్టింది బంగారం పిచ్చి వల్ల. యోహాన్ ఫ్రీడ్రిష్ బ్యోట్గర్ బెర్లిన్‌లో మందులు నూరే కుర్రాడు. బంగారం చేస్తానని గొప్పలు పోయాడు. ప్రష్యా రాజు కన్ను పడేసరికి 1701లో పారిపోయాడు, పారిపోయి, డ్రెస్డెన్ రాజధానిగా సాక్సనీ ఏలుతున్న ఆగస్టస్ ద స్ట్రాంగ్ చేతికి చిక్కాడు. ఆయన కుర్రాణ్ణి వదలకుండా నిర్బంధంలో పెట్టి పని చేయించాడు. బంగారం రాలేదు. చిర్న్‌హౌస్ అనే పండితుడితో కలిసి చేసిన ప్రయోగాల్లో ముందు ఎర్రటి గట్టి మట్టిపాత్రలు, తర్వాత 1708లో తెల్ల పింగాణీ వచ్చాయి. 1710లో ఆగస్టస్ కార్ఖానా పెట్టించి, రహస్యం బయటికి పొక్కకుండా కొండ మీది ఆల్‌బ్రెష్ట్స్‌బుర్గ్ కోటలో ఉంచాడు. అయినా దశాబ్దం తిరక్కుండానే రహస్యం వియన్నా చేరింది. బ్యోట్గర్ 1719లో, 37 ఏళ్లకే పోయాడు. కార్ఖానా ఊళ్లోకి దిగి ఇప్పుడున్న చోటికి వచ్చింది 1860ల్లో.

ఆగస్టస్‌కి పింగాణీ అంటే ఎంత యావంటే, 1717లో తన సైన్యంలోంచి 600 మంది అశ్విక సైనికుల్ని ప్రష్యాకి ఇచ్చేసి, బదులుగా 151 చైనా పాత్రలు తెచ్చుకున్నాడు. ఆ పెద్ద నీలి జాడీలు కొన్ని ఇప్పటికీ జ్వింగర్ పింగాణీ గ్యాలరీలో ఉన్నాయి. ఈ సంగతి చెబితే మా అత్తగారు, "ఆ సైనికుల పెళ్లాలేమన్నారో" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

భారీ ఆడంబరాల బరోక్ శైలి నుంచి తేలికైన వంపుల రొకోకో శైలికి యూరప్ అభిరుచి ఎలా జారిందో పుస్తకంలో చదివితే నాకెప్పుడూ తలకెక్కలేదు. ఒకే ఒక్క మనిషి పని చూస్తే అర్థమైపోతుంది. ఆయన యోహాన్ యోఆహిమ్ క్యాండ్లర్, శిల్పి. 1731లో కార్ఖానాలో చేరి 1775లో చనిపోయేదాకా ఇక్కడే పని చేశాడు. మొదట్లో ఆగస్టస్ అడిగింది పూర్తిగా బరోక్ కోరిక: డ్రెస్డెన్‌లోని తన జపనీస్ ప్యాలెస్ నిండా పింగాణీ జంతువులు కావాలి, అదీ నిజం సైజులో. పింగాణీ అంత పెద్ద బరువుకి ఒప్పుకునే పదార్థం కాదు. జ్వింగర్‌లో ఆ తెల్లటి జంతువుల్ని దగ్గరగా చూడండి, ఒంటి మీద బట్టీలో పడ్డ పగుళ్లు కనిపిస్తాయి. రాజు ఆశ ఒకవైపు, మన్ను మొండితనం ఒకవైపు. నాకు ఆ పగుళ్లంటేనే ఇష్టం.

1733లో ఆగస్టస్ పోయాడు. కొడుకు కాలంలో పెత్తనమంతా మంత్రి బ్రూల్‌ది, కార్ఖానా పెత్తనంతో సహా. ఆయన కోసం 1737 నుంచి 1742 దాకా క్యాండ్లర్ బృందం చేసిన హంసల డిన్నర్ సెట్‌లో 2,000కు పైగా పాత్రలున్నాయి. పళ్లెం మీద రంగులు కొంచెమే. తెల్లని పింగాణీలోనే అలలు, గవ్వ గీతలు, హంసలు పలుచగా ఉబ్బి ఉంటాయి, వెలుతురు పక్క నుంచి పడితే తప్ప సరిగ్గా కనపడవు. ఇంత ఆడంబరం ఉన్న మంత్రి ఇంత మెత్తని పని ఎలా మెచ్చాడా అనిపిస్తుంది.

అక్కణ్నుంచి బొమ్మలు చిన్నవైపోయాయి, జానెడు, అంతకంటే తక్కువ. అవి అలమరలో పెట్టడానికి చేసినవి కావు. విందు చివర మిఠాయిల బల్ల మీద వరసగా పేర్చడానికి చేశారు. అంతకుముందు ఆ పనికి పంచదారతో, మైనంతో బొమ్మలు పోసేవారు. హార్లెక్విన్‌లు (ఇటలీ నాటకాల విదూషకులు), ప్రేమికులు, గొర్రెల కాపరులు, గని పనివాళ్లు, పారిస్ వీధుల్లో కేకలేస్తూ సరుకులమ్మేవాళ్లు. ఇది వినగానే మా అత్తగారి ముఖం వెలిగిపోయింది. "బొమ్మల కొలువే కదమ్మాయ్!" అన్నారు. నిజమే. కూరలమ్మే మనిషి, కొట్టు ముందు శెట్టిగారు, పెళ్లి ఊరేగింపు మన మెట్ల మీద ఎలా నిలబడతారో, ఆ బల్ల మీద వీళ్లూ అలాగే. కాకపోతే మనం దేవుణ్ణి పై మెట్టు మీద పెడతాం, వాళ్ల బల్ల మీద దేవుడికి పెద్దగా చోటు లేదు, అంతా సరసాలూ వేళాకోళాలే.

కోతుల కచేరీ మాత్రం తప్పక చూడండి. 1753 ప్రాంతంలో మొదలైన వరస. కోటూ విగ్గూ పెట్టుకున్న కోతులు 20 పైచిలుకు, ఒకడు వేణువు, ఒకడు డోలు, ఒకతి పాట, అందరి ముందూ కంగారు పడిపోతూ కచేరీ నడిపించే పెద్ద కోతి. దర్బారు సంగీతాన్ని ఎక్కిరిస్తున్నాయి, కొనుక్కున్నదీ దర్బారు వాళ్లే.

బొమ్మ ఏ కాలందో తెలియాలంటే ముఖం కంటే ముందు పీట చూడండి. 1740ల్లో కాళ్ల కింద చిన్న మట్టిదిబ్బ, దాని మీద అతికించిన ఆకులూ పువ్వులూ, అంతే. 1750లు వచ్చేసరికి పీటే మెలికలు తిరిగి, అంచుల్లో బంగారం పూసుకుని, గవ్వ అంచులా వంపులు పోతుంది. అదే పూర్తి రొకోకో. రంగులూ మారాయి. ముందటి హార్లెక్విన్‌ల మీద ఘాటైన నలుపు, ఎరుపు, పసుపు. తర్వాతి వాటి మీద లేత గులాబీ, లేత ఊదా. నా ఓటు 1740లకే. ఆ హార్లెక్విన్ ఇప్పుడే ఎవర్నో ఆటపట్టించి వచ్చినట్టు ఒళ్లంతా తిప్పి నిలబడతాడు. తర్వాతివాళ్లు అద్దంలో చూసుకుంటున్నట్టుంటారు. 1756లో యుద్ధమొచ్చి ప్రష్యా సైన్యం మైసెన్‌ని ఆక్రమించాక ఫ్యాషన్ నాయకత్వం ఫ్రాన్స్‌లోని సేవ్ర్ కార్ఖానాకి వెళ్లిపోయింది, ఆ తేడా కూడా గదులు దాటుతుంటే తెలుస్తుంది.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ పింగాణీ గది చూసినవాళ్లకి ఇదంతా కొంత తెలిసిన ముఖమే. అక్కడ అద్దం వెనక బొమ్మ మాత్రమే ఉంటుంది. ఇక్కడ దాన్ని అతికే వేళ్లు కూడా కనిపిస్తాయి.

షాపు. బొమ్మల ధరలు వేల యూరోల్లో. ఒక్క కప్పూ సాసరుకే వందల్లోకి పోవచ్చు. చేత్తో గీసిన పని చూసి వచ్చాక ధర అన్యాయం అనలేను, నా జేబుకి మాత్రం కాదు. అత్తగారు ఒక బొమ్మ ధర రూపాయల్లోకి మార్చి, రెండు చేతులూ కొంగులో చుట్టుకున్నారు. రోజూ వాడుకోవాలనుకుంటే గ్లేజు కింది నీలమే తీసుకోండి, అరగదు. అందరికీ తెలిసిన ఉల్లిపాయ డిజైన్ అదే. 1740 నాటిది, నిజానికి అవి ఉల్లిపాయలు కావు, చైనా గిన్నెల మీది దానిమ్మలూ పీచ్ పళ్లూ. కొనకపోయినా కెఫేలో కూర్చోండి, కాఫీ మైసెన్ కప్పులోనే ఇస్తారు. అంచు పెదవికి ఎంత పలుచగా తగులుతుందో ఆ ఒక్క కాఫీతో తెలుస్తుంది.

బయట సంతల్లో, పాత సామాన్ల దుకాణాల్లో కొనేవాళ్లకి ఒక మాట. నా స్నేహితురాలికి ఒక దుకాణదారు ఉల్లిపాయ పళ్లెం "అసలు మైసెన్" అని అంటగట్టాడు. వెనకాల మైసెన్ అన్న అక్షరాలున్నాయి, కత్తులు లేవు. ఆ ఊళ్లో వేరే ఫ్యాక్టరీలూ ఈ డిజైన్ చేశాయి, ఊరి పేరు అచ్చు వేసుకున్నాయి. 1720ల నుంచి అసలు గుర్తు నీలంలో, చేత్తో గీసిన రెండు కత్తులు. 1888 తర్వాతి ఉల్లిపాయ డిజైన్‌లోనైతే పళ్లెం ముందువైపు వెదురు కాడ మొదట్లో కూడా చిన్న కత్తులుంటాయి, వెతకండి. వెనక కత్తుల మీద అడ్డంగా గీత కోసి ఉంటే అది రెండో రకం సరుకు. అసలుదే, కానీ ధర తగ్గాలి.

జ్వింగర్ పింగాణీ గ్యాలరీ ముందు చూసి, మైసెన్ మర్నాడు పెట్టుకోండి. రెండూ ఒకే రోజైతే సాయంత్రానికి కళ్లూ కాళ్లూ రెండూ మొరాయిస్తాయి. జ్వింగర్ మ్యూజియాలకి సోమవారం సెలవు.