ఇంటి గాలి మీటరు: ధూళికి సరే, మసికి చాలదు

ఇంట్లో బల్ల మీద పెట్టుకొని గాలిలోని సూక్ష్మ ధూళికణాల మోతాదు చూసుకొనే చిన్న మీటర్లు ఇప్పుడు అనేక కంపెనీల పేర్లతో దొరుకుతున్నాయి. పైపెట్టె, తెర, యాప్ వేరువేరుగా ఉన్నా, లోపలి సెన్సర్ మాత్రం దాదాపు అన్నిటిలోనూ ఒకే సూత్రం మీద పనిచేస్తుంది. అందుచేత నేను వాడుతున్న మీటరు గురించి ఇక్కడ చెప్పేది ఆ తరగతికంతటికీ చాలావరకు వర్తిస్తుంది. నేను దీన్ని కొన్నది ఒకే ఒక్క ప్రశ్న కోసం: రోడ్డు వైపున్న గదిలోకి రోజూ ఎంత మసి చేరుతోంది? ఆ ప్రశ్నకు ఈ మీటరు నమ్మదగిన సమాధానం ఇవ్వలేదు. మరికొన్ని ప్రశ్నలకు మాత్రం బాగానే ఇచ్చింది. ఏది చెప్పగలదో ఏది చెప్పలేదో పెట్టె మీద ఎక్కడా రాసి ఉండదు కనుక, కొంత వివరంగా రాస్తున్నాను.

మీటరు లోపల ఒక చిన్న ఫ్యాన్ ఉంటుంది. అది గాలిని ఇరుకైన దారిలోకి లాగి లేజర్ కిరణం ముందు నుంచి పంపుతుంది. కిరణానికి అడ్డువచ్చిన కణాలు వెలుగును చెదరగొడితే, పక్కనున్న ఫొటోడయోడ్ ఆ చెదిరిన వెలుగును పట్టుకొంటుంది, చిప్ దాన్ని లెక్కగట్టి ఘనపు మీటరుకు ఇన్ని మైక్రోగ్రాములని తెర మీద చూపుతుంది. అంటే ఇది కణాలను తూచడం లేదు, వాటి మెరుపును చూసి బరువును ఊహిస్తోంది. అధికారిక పర్యవేక్షణ కేంద్రాలలో ఫిల్టర్ మీద పట్టిన కణాలను త్రాసులో తూస్తారు, లేదా ఆ ఫిల్టర్ గుండా పోయే బీటా కిరణాలు ఎంత తగ్గాయో చూసి బరువు తేలుస్తారు. ఆ పద్ధతులకూ ఈ చిన్న పెట్టెకూ మధ్య ఉన్న తేడా మామూలు ధూళి విషయంలో సర్దుకుపోదగినదే కానీ, మసి దగ్గరకు వచ్చేసరికి పెద్ద లోపమవుతుంది.

దానికి రెండు కారణాలున్నాయి. మొదటిది పరిమాణం. డీజిల్ ఇంజన్ నుంచి వచ్చే మసి, కొన్ని పదుల నానోమీటర్ల గుళికలు గొలుసుల్లా అతుక్కోవడం వల్ల ఏర్పడుతుంది. ఆ గొలుసులు కూడా ఎక్కువగా 0.1 మైక్రాన్ (మైక్రాన్ అంటే వెయ్యి నానోమీటర్లు) పరిసరాల్లోనే ఉంటాయి. ఈ తరగతి మీటర్లలో విరివిగా వాడే సెన్సర్ల వివరపత్రం చూస్తే, 0.3 మైక్రాన్ల కణాలలో సగాన్నే లెక్కించగలమని తయారీదారులే రాసుకొన్నారు, అంతకంటే చిన్నవాటి ఊసే ఉండదు. రెండవది రంగు. మసి నల్లగా ఉండడానికి కారణం అది వెలుగును చెదరగొట్టడం కంటే ఎక్కువగా మింగేయడమే. చెదిరిన వెలుగు మీదే ఆధారపడిన పరికరానికి, వెలుగును మింగే కణం ఉండీ లేనట్టే.

ఇది పుస్తకాల మాటగా మిగలకుండా ఒక కొవ్వొత్తితో చూడవచ్చు. నిలకడగా వెలుగుతున్న కొవ్వొత్తిని మీటరుకు మూరెడు దూరంలో పెడితే అంకె దాదాపు కదలదు. మంటను రెపరెపలాడించి దాని పైన స్టీలు చెంచా పట్టుకొంటే క్షణాల్లో చెంచా అడుగు నల్లబడుతుంది, అప్పటికీ నా మీటరు అంకె కొద్దిగానే పెరిగింది. ఆ తర్వాత కొవ్వొత్తిని ఊది ఆర్పితే వత్తి నుంచి తెల్లని పొగ లేస్తుంది. అది మసి కాదు, ఆవిరైన మైనం చల్లబడి ఏర్పడిన తుంపర. ఆ పొగ మీటరు నోటికి తగిలిందో లేదో అంకె వందల్లోకి ఎగబాకి, ఎర్రదీపం వెలిగింది. చెంచాను నల్లగా చేసిన పదార్థానికి పచ్చదీపం, మైనపు తుంపరకు ఎర్రదీపం!

నగరపు మసి ఎక్కడి నుంచి వస్తుందో తలచుకొంటే ఈ లోపం ఎందుకు ముఖ్యమో అర్థమవుతుంది. ఇంధనానికి తగినంత గాలి అందక సగంసగం మండిన ప్రతిచోటా మసి పుడుతుంది: పాత డీజిల్ లారీలు, బస్సులు, జనరేటర్లు, కట్టెల పొయ్యిలు, బొగ్గు కుంపట్లు, ఇటుక బట్టీలు, వీధి చివర తగలబెట్టే చెత్త. వత్తితో వెలిగే కిరోసిన్ బుడ్డి ఈ జాబితాలో చిన్నదిగా కనిపించినా, అందులో కాలిన కిరోసిన్‌లో 7 నుంచి 9 శాతం వరకు మసిగా మారుతుందని కొలతలు చెబుతున్నాయి. డీజిల్ వాహనాల్లో, పొగగొట్టానికి సరైన ఫిల్టర్ ఉండి, ఇంధనంలో గంధకం బాగా తక్కువగా ఉంటే, మసి బరువులో 90 శాతానికి పైగా అక్కడే ఆగిపోతుంది. అందువల్ల రోడ్డు మీద ఎన్ని వాహనాలు వెళ్లాయన్నదాని కన్నా, వాటిలో ఫిల్టర్ లేనివీ ఫిల్టర్ పాడైనవీ ఎన్ని అన్నదే అక్కడి మసిని ఎక్కువగా నిర్ణయిస్తుంది. యూరప్ ప్రమాణాలు రాసినవారు కూడా బరువు ఒక్కటే చూస్తే సన్నని మసి తప్పించుకుపోతుందని గ్రహించి, 2011 నుంచి కొత్త నమూనా డీజిల్ కార్లకు కిలోమీటరుకు 60,000 కోట్ల కణాలకు మించరాదని సంఖ్యాపరమైన పరిమితి కూడా పెట్టారు.

నేను కొన్న తరువాత అన్నిటికంటే ఎక్కువగా తికమక పెట్టిన విషయం ఇక్కడే ఉంది. రోడ్డు పక్కన నిలబడి చూసినా, రెండు సందుల లోపలికి వెళ్లి చూసినా మీటరు దాదాపు ఒకే అంకె చూపింది. మొదట మీటరు చెడిపోయిందేమో అనిపిస్తుంది గానీ, అది చెడిపోలేదు. మీటరు చూపే పీఎం 2.5, అంటే 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్న కణాల మొత్తం బరువులో పెద్ద భాగం వాయువుల నుంచి గాలిలోనే తయారైన సల్ఫేట్లు, నైట్రేట్లు, కర్బన సమ్మేళనాలది. అవి వందల కిలోమీటర్లు ప్రయాణించి నగరమంతటా ఇంచుమించు సమానంగా పరుచుకొంటాయి. మసి అలా కాదు, రోడ్డు అంచున దట్టంగా ఉండి, కొన్ని వందల మీటర్లు పోయేసరికి పరిసరాల స్థాయికి దిగిపోతుంది. మొత్తం పీఎం 2.5లో దాని వాటా చాలా నగరాల్లో పదో వంతు అటూ ఇటూ మాత్రమే కాబట్టి, మసి రెండింతలైనా మొత్తం అంకెలో తేడా పెద్దగా తెలియదు. గాలి శుభ్రంగా ఉన్న నగరాల్లో నల్ల కర్బనం (వెలుగును మింగే మసి భాగం) ఘనపు మీటరుకు ఒకటి రెండు మైక్రోగ్రాముల దగ్గర ఉంటే, కాలుష్యం ముదిరిన నగరాల్లో శీతాకాలపు ఉదయాలలో పదిని దాటుతుంది. వెచ్చని గాలి పొర పైన మూతలా కూర్చొని నేల దగ్గరి పొగను లేవనీయకపోవడం, లారీలు రాత్రివేళ తిరగడం రెండూ కలిసి ఆ ఉదయాలను అలా చేస్తాయి.

మసిని నేరుగా కొలిచే పరికరం పేరు ఎథలోమీటర్. గాలిని ఫిల్టర్ టేపు గుండా లాగి, ఆ మచ్చ ఎంత వేగంగా నల్లబడుతోందో వెలుగుతో చూడడమే దాని పద్ధతి. ఏడు తరంగదైర్ఘ్యాలలో, అంటే 370 నుంచి 950 నానోమీటర్ల వరకు, ఇది కొలుస్తుంది. నల్ల కర్బనం లెక్కకు 880 నానోమీటర్ల వెలుగును తీసుకొంటారు. కట్టెల పొగ అతినీలలోహిత కాంతిని అదనంగా పీల్చుకొంటుంది కాబట్టి, రెండు కొసల కొలతలను పోల్చి ఇది డీజిల్ మసా, కట్టెల మసా అన్నది కూడా అంచనా కట్టగలరు. చేతిలో పట్టేంత చిన్న నమూనాలు కూడా ఉన్నాయి గానీ అవి పరిశోధకుల కోసం చేసినవి, ఇంటి వస్తువులు కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాలలో పీఎం 2.5కు వార్షిక సగటు 5, ఒక రోజు సగటు 15 మైక్రోగ్రాములుగా నిర్ణయించింది. నల్ల కర్బనానికి మాత్రం పరిమితి పెట్టకుండా, దాన్ని క్రమబద్ధంగా కొలవాలనీ తగ్గించాలనీ సూచించి ఊరుకొంది. డీజిల్ పొగను 2012లోనే ఆ సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. అంత తెలిసీ, కొలిచే పరికరం ఇంటి దాకా రాలేదు.

మీటరు మిగతా గుణదోషాలు త్వరగానే చెప్పవచ్చు. వంటింట్లో నూనె కాగి పొగ లేచినప్పుడు, పక్కింటివారు ఆకులు తగలబెట్టినప్పుడు, ఊడ్చేటప్పుడు ఇది వెంటనే పసిగడుతుంది, కిటికీ తెరవడమా మూయడమా అన్నది తేల్చుకోవడానికి ఇంతకంటే అక్కర లేదు. ఫ్యాన్ చప్పుడు రాత్రిపూట కూడా ఇబ్బంది పెట్టలేదు. పొగమంచు వేళ మాత్రం అంకెలను నమ్మకూడదు. తేమ పీల్చుకొని ఉబ్బిన కణాలను, మంచు బిందువులను కూడా ఇది కాలుష్యం కింద జమకడుతుంది. అమెరికా పర్యావరణ సంస్థ ఇటువంటి సెన్సర్లున్న ఒక మీటరు అంకెలను వాడుకొనేటప్పుడు వాటిని దాదాపు సగానికి కుదించి, తేమకు మరికొంత తీసివేసే సూత్రాన్ని పాటిస్తుంది. నా మీటరు యాప్‌లో అటువంటి సవరణ లేదు. పీఎం 10 (10 మైక్రాన్ల వరకు ఉన్న కణాలు) అని చూపే అంకె చాలావరకు అంచనాయే, ఎందుకంటే పెద్ద కణాలను ఈ సెన్సర్ సరిగా పట్టుకోలేదు. గాలి నాణ్యత సూచీని 24 గంటల సగటు మీద లెక్కించాల్సి ఉండగా, ఈ తెర ప్రతి క్షణానికీ ఒక సూచీ చూపించి అనవసరంగా భయపెడుతుంది, కొన్నిసార్లు అనవసరంగా ధైర్యమూ చెబుతుంది. సూచీని పక్కనపెట్టి మైక్రోగ్రాముల అంకెనే చూడడం నాకు అలవాటైంది.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. గాలిశుద్ధి యంత్రాల్లో ఆటో పద్ధతిని నడిపేది కూడా సాధారణంగా ఇటువంటి లేజర్ సెన్సరే. ఆ యంత్రాల్లో ఉండే హెపా అనే సన్నని ఫిల్టర్ 0.3 మైక్రాన్ల కణాలలో 99.97 శాతాన్ని ఆపుతుంది, అంతకంటే చిన్నవాటిని మరింత బాగా ఆపుతుంది కాబట్టి, మసిని పట్టే శక్తి యంత్రానికి ఉంది, చూసే శక్తి దాని సెన్సర్‌కు లేదు. లారీలు కదిలే వేళ గదిలో మసి చేరుతున్నా, అంకె తక్కువగా ఉందని యంత్రం ఫ్యాన్ వేగాన్ని తగ్గించేస్తుంది. రోడ్డు పక్కన ఉండేవారు ఆ గంటలలో ఆటోను ఆపి, వేగాన్ని చేత్తో పెట్టుకోవడం మేలు. వంటపొగ, దుమ్ము, కాలిన ఆకుల పొగ గమనించడానికి మీటరు కావాలనుకొనేవారు దీన్ని నిస్సంకోచంగా కొనవచ్చు. లారీల మసి కోసమైతే ఆ డబ్బును మరో ఫిల్టర్ మీద పెట్టి, నల్ల కర్బనం కొలిచే పర్యవేక్షణ కేంద్రం దగ్గరలో ఉంటే దాని అంకెలు చూసుకోవడమే సరైనదని నా అభిప్రాయం.