అనంతపురంలో పదో తరగతి బయాలజీ ట్యూషన్: ఏడాది ఫీజు ముందే కట్టకండి

సాయినగర్, కమలానగర్, కోర్టు రోడ్డు వైపు పదో తరగతి పిల్లలకు బయాలజీ ట్యూషన్ వెతుకుతున్న తల్లిదండ్రులందరికీ ఈ హెచ్చరిక. ఊళ్లో ఒక ట్యూషన్‌లో జరిగింది ఇదీ. జూన్‌లోనే ఏడాది ఫీజు మొత్తం తీసుకున్నారు. రసీదు లేదు. పాఠం చెప్పడానికి బదులు స్పైరల్ బైండింగ్ చేసిన జిరాక్స్ నోట్స్ చేతిలో పెట్టి, దానికి వేరే డబ్బులు అడిగారు. రోజూ గంటసేపు అందులోంచి జవాబులు చదివి రాయించడమే క్లాసు. దసరా సెలవుల్లో ఇంట్లోవాళ్లు టెక్స్ట్‌బుక్ పక్కన పెట్టి చూస్తే గానీ తెలియలేదు, ఆ నోట్స్ పాత సిలబస్‌వని. మానేస్తామంటే ‘కట్టింది వెనక్కి రాదు’ అన్నారు.

పాత నోట్స్‌ను గుర్తుపట్టడానికి సైన్సు చదివి ఉండక్కర్లేదు. మన రాష్ట్రంలో పదో తరగతికి 2024-25 నుంచి, జాతీయ స్థాయిలో పాఠ్యపుస్తకాలు తయారుచేసే సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు వచ్చాయి. పాత పుస్తకంలో పోషణ, శ్వాసక్రియ, ప్రసరణ, విసర్జన నాలుగు వేర్వేరు పాఠాలు. కొత్తదాంట్లో ఆ నాలుగూ కలిపి ‘జీవక్రియలు’ అనే ఒకే పాఠం. నోట్స్ విషయసూచికలో అవి విడివిడిగా, ఒక్కోటి ఇరవై పేజీల చొప్పున కనిపిస్తే అది పాతదే. ఇంకో గుర్తు: అనువంశికత (తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకు రావడం) పాఠంలో లామార్క్, డార్విన్, పరిణామం పేజీలకు పేజీలు ఉంటే అనుమానించండి. పరిణామం భాగాన్ని ఎన్‌సీఈఆర్‌టీ 2023లో పదో తరగతి పుస్తకం నుంచి తీసేసింది. డార్విన్ గురించి తెలుసుకోవడం మంచిదే, ఎవరూ కాదనరు. కానీ మార్చిలో రాయాల్సిన 50 మార్కుల పేపర్ కోసం డబ్బు కడుతున్నప్పుడు దానికి పోయే సమయం పరీక్షలో వచ్చే పాఠాలకు దక్కాలి.

అసలు ట్యూషన్ అవసరమా అన్నది ముందు తేల్చుకోండి. చాలా ఇళ్లలో ఈ ప్రశ్నే వేసుకోరు, పక్కింటి పిల్ల వెళ్తోందని మనవాణ్నీ పంపిస్తారు. ఒక ఆదివారం పుస్తకం మూయించి, తెల్లకాగితం మీద నెఫ్రాన్ (మూత్రపిండంలో రక్తాన్ని వడకట్టే సన్నని నిర్మాణం) బొమ్మ వేసి భాగాలు గుర్తించమనండి. ఆ తర్వాత రక్తం అందులోకి ఎలా వస్తుంది, మూత్రం ఎలా తయారవుతుంది అనేది నోటితో చెప్పమనండి. పావుగంట చాలు.

బొమ్మ సరిగ్గా వేసి, మాటల్లోనూ చెప్పి, రాయమంటే మాత్రం రెండు వాక్యాల దగ్గర ఆగిపోతే ట్యూషన్ అక్కర్లేదు, రాత సాధన కావాలి. వారానికి మూడు జవాబులు టైం పెట్టుకుని రాసి, పుస్తకంతో పోల్చి దిద్దుకుంటే సరిపోతుంది. ‘గ్లోమెరులస్ (నెఫ్రాన్‌లోని సన్నని రక్తనాళాల ముద్ద) అంటే తెలీదు’ అని పదం దగ్గరే ఆగిపోతే అది భాష ఇబ్బంది. తెలుగు మీడియం నుంచి ఇంగ్లిష్ మీడియంకు మారిన పిల్లల్లో ఇది చాలా ఎక్కువ. ప్రభుత్వ పుస్తకం రెండు భాషల్లో ఉంటుంది, ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. స్టొమేటా ఎదురుగా పత్రరంధ్రం, ఏట్రియం ఎదురుగా కర్ణిక అని రోజుకు పది పదాలు రాసుకుంటే నెలలో ఈ అడ్డు తొలగిపోతుంది. పదాలన్నీ వచ్చి కూడా జరిగే పని అర్థం కాకపోతేనే చెప్పే మనిషి కావాలి. అప్పుడైనా ఏడాదికి కాదు. జీవక్రియలు, అనువంశికత ఈ రెండింటికి వారానికి రెండు గంటల చొప్పున ఆరేడు వారాలు గట్టిగా చెబితే మిగతావి పిల్లలే చదువుకోగలరు.

మనిషి కావాలని తేలితే డెమో క్లాసులో మీరూ కూర్చోండి. ఎమ్మెస్సీ సర్టిఫికెట్ ఒక్కటి చూసి మురిసిపోవద్దు. గుండె బొమ్మ వేయమనండి. బొమ్మలో మన ఎడమచేతి వైపు కనిపించేది గుండె కుడి భాగం. చాలామంది ఇక్కడే తారుమారు చేస్తారు. ఆ తర్వాత ‘పుపుస ధమనిలో ఉండేది మంచి రక్తమా, చెడు రక్తమా?’ అని అడగండి. ‘ధమని కాబట్టి మంచి రక్తం’ అన్నారా, నమస్కారం పెట్టి పంపించేయండి. గుండె నుంచి బయటికి తీసుకుపోయేది ధమని, గుండెకు తెచ్చేది సిర. పుపుస ధమని ఊపిరితిత్తులకు తీసుకుపోయేది ఆక్సిజన్ తక్కువగా ఉన్న రక్తమే. బాగా చెప్పేవాళ్లు ‘మంచి, చెడు’ అన్న మాటల్నే అక్కడికక్కడ సరిచేస్తారు.

అనువంశికతలో 3:1 (మూడు పొడుగు మొక్కలకు ఒక పొట్టి మొక్క) అని అందరూ వల్లిస్తారు. సంకర పొడుగు మొక్కను (ఒక పొడుగు జన్యువు, ఒక పొట్టి జన్యువు ఉన్నదాన్ని) పొట్టి మొక్కతో సంకరణం చేస్తే ఏమొస్తుందో అడగండి. సగం పొడుగు, సగం పొట్టి, అంటే 1:1. గళ్లు గీసి చూపించకుండా మళ్లీ 3:1 అంటే అది బట్టీ చదువే. ఆకులో పిండిపదార్థం పరీక్ష గురించి కూడా అడగండి. ఆకును ఆల్కహాల్‌లో ఎందుకు వేడిచేస్తారు? పత్రహరితం (ఆకులోని ఆకుపచ్చ రంగు పదార్థం) పోవడానికి, లేకపోతే అయోడిన్ వేశాక నీలి నలుపు రంగు స్పష్టంగా కనిపించదు. ఆ గిన్నెను నేరుగా మంట మీద ఎందుకు పెట్టరు? ఆల్కహాల్ అంటుకుంటుంది, అందుకే వేడినీళ్లలో ఉంచుతారు. ఈ ‘ఎందుకు’ చెప్పగలిగినవాళ్లకే డబ్బు ఇవ్వండి.

ఇక ఫీజు. నెలనెలా, నెల చివర ఇవ్వండి. ఫోన్‌పేలో పంపేటప్పుడు ‘బయాలజీ ట్యూషన్, జూలై’ అని నోట్ రాయండి. రసీదు ఇవ్వకపోయినా అది ఆధారంగా మిగులుతుంది. కోచింగ్ సెంటర్లపై కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు 10 రోజుల్లో తిరిగివ్వాలని, పదో తరగతి పరీక్షలు అయ్యాకే చేర్చుకోవాలని అందులో ఉంది. ఎనిమిదో తరగతి నుంచే ‘నీట్ ఫౌండేషన్’ అని వెంటపడేవాళ్లకు ఈ మాట గుర్తుచేయండి. అయితే ఆ మార్గదర్శకాలు 50 మందికి పైగా విద్యార్థులున్న సెంటర్లకే. ఇంట్లో పదిమందిని కూర్చోబెట్టి చెప్పేవాళ్లు వాటి కిందికి రారు, అందుకే ముందస్తు ఫీజు మరీ ప్రమాదం.

బడిలో పాఠం చెప్పే టీచరే ‘సాయంత్రం నా దగ్గరికి పంపండి’ అంటే భయపడి ఒప్పుకోకండి. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 28 ప్రకారం టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదు.

ఇప్పటికే మొత్తం కట్టేసినవాళ్లు ఊరుకోకండి. ఎన్ని క్లాసులు జరిగాయో తేదీలతో రాసుకోండి, పాత నోట్స్ విషయసూచికను కొత్త పుస్తకం విషయసూచిక పక్కన పెట్టి ఫోటో తీయండి, మిగిలిన నెలల ఫీజు అడుగుతూ వాట్సాప్‌లో రాతపూర్వకంగా పంపండి. ఫోన్లో మాట్లాడి వదిలేస్తే రేపు ఏమీ నిలబడదు. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. పిల్లల్ని మాత్రం ఆ నోట్స్ చదవడం ఈరోజే ఆపించి, టెక్స్ట్‌బుక్‌లో ‘జీవక్రియలు’ మొదటి పేజీ తెరిపించండి.